ముసురులో తిరిగిన ఫ్యాను

ఉమాదేవి ఆరేళ్ళుగా ఒక గొట్టానికి కాపలా కాస్తోంది. ఈ మాట ఆమెది కాదు, అమలాపురంలో ఆమె పాఠాలు చెప్పే పాలిటెక్నిక్ కాలేజీ స్టాఫ్‌రూమ్ వాళ్ళది. "మేడంగారి గొట్టం ఎలా ఉందండీ?" అని పలకరిస్తారు. మొదట్లో ఆమెకు కోపం వచ్చేది. ఆ తర్వాత ఓపిగ్గా విడమరిచి చెప్పేది. ఇప్పుడు "ఉందండి" అని ఊరుకుంటోంది.

గొట్టం మామిడికుదురు దగ్గర, ఒక కొబ్బరితోట పక్కనున్న ఖాళీ దిబ్బ మీద ఉంది. రేకుతో చేసింది, కొబ్బరిచెట్టంత ఎత్తు. దాని మొదట్లో చుట్టూ పెళ్ళిపందిరంత వెడల్పున, వెలుతురు దూరే ప్లాస్టిక్ కప్పు. ఎండకు ఆ పందిరి కింద గాలి వేడెక్కుతుంది. వేడెక్కిన గాలి పైకి పోవడానికి గొట్టం వెతుక్కుంటుంది, పోతూ పోతూ లోపలున్న ఫ్యాను రెక్కల్ని తిప్పుతుంది. ఫ్యాను తిరిగితే కరెంటు. బొగ్గు అక్కర్లేదు, గ్యాసు అక్కర్లేదు. వినడానికి ఎంత బాగుందో! చిక్కల్లా గొట్టం ఎత్తుతోనే. ఎంత ఎత్తుంటే అంత కరెంటు. ఈ ఎత్తుకి మండువేసవిలో మిట్టమధ్యాహ్నం ఒక బల్బు వెలుగుతుంది. అదీ చిన్నది.

అంచేత పెద్దది కట్టాలి. వంద మీటర్లది, అంతర్వేది వైపు. పందిరి అంచు ఎంత ఎత్తుండాలి, రెక్కలు ఎంత వాలుండాలి, తుఫానుకి గొట్టం నిలుస్తుందా అని లెక్కలు కట్టి, గీసి, చెరిపి, మళ్ళీ గీసి ఉమాదేవి కళ్ళజోడు రెండుసార్లు మార్చుకుంది. ఎవరూ పట్టించుకోలేదు. ఎండ కాసే ఊళ్ళు ఇంకెక్కడా లేవా అన్నారు.

కిందటేడు మాత్రం ఆమె చేతికి ఒక ఆధారం దొరికింది. ముసురు పట్టిన రోజుల్లో కూడా ఫ్యాను తిరుగుతోంది! పందిరి దగ్గరి మీటరు పెట్టె వారమంతా అంకెలు దాచిపెడుతుంది, ఆమె ఆదివారాలు వచ్చి దించుకుంటుంది. పద్నాలుగు మబ్బు రోజులుంటే పద్నాలుగు రోజులూ తిరిగింది. మన డెల్టా నల్లనేల ఎండ రోజుల వేడిని దాచుకుని మబ్బు రోజుల్లో వదులుతోందని ఆమె రాసింది, పెద్ద గొట్టం డిజైనంతా ఆ మాట మీదే నిలబెట్టింది. నేలలో పాతిన థర్మామీటరు ఒక్కటే ఔననలేదు. తడికి పాడైందనుకుని దాన్ని లెక్కలోంచి తీసేసింది. అలిసిపోయిన మనిషికి మంచి కబురు వస్తే, అది ఎక్కణ్ణుంచి వచ్చిందని అడగబుద్ధి కాదు.

ఆ పద్నాలుగు రోజుల్ని చూసే రేపు, శుక్రవారం, డబ్బు మంజూరు చేసే కమిటీ వస్తోంది. పెద్దది కట్టడమో, ఈ చిన్నదాన్ని కూడా విప్పేయడమో రేపటితో తేలిపోతుంది.

సర్దిపెట్టుకుందామని ఉమాదేవి గురువారం సెలవు పెట్టి పొద్దున్నే వచ్చింది. మూడు రోజులుగా ఎండ మొహం లేదు, సన్నటి జల్లు. గట్టు మీద నడుస్తుండగానే ఫ్యాను చప్పుడు వినబడింది. మడమ నొప్పి మరిచిపోయి గబగబా నడిచి, పందిరి అంచు కింద వంగి లోపలికి వెళ్ళింది.

గొట్టం మొదట్లో మూడు రేకు డబ్బాలున్నాయి. మూడింట్లోనూ కొబ్బరి పెంకులు కణకణలాడుతున్నాయి. పొగ లేదు. పక్కనే చాప మీద ఎండుతున్న కొబ్బరి. గొంతుక్కూర్చుని డబ్బాలో పెంకులు వేస్తున్నవాడు కనకరాజు. అరవై ఏళ్ళ మనిషి, తోటలో కొబ్బరికాయలు వలుస్తాడు, ఈ గొట్టానికీ కాపలా.

"అయ్యబాబోయ్, ఇయ్యాలే వచ్చేసేరేంటండీ!" అన్నాడు లేచి నిలబడి.

"ఇవేమిటి కనకరాజు గారూ?"

"నిప్పులండి. ముసురట్టిందంటే కొబ్బరి బూజట్టేత్తాదండి. మా నాన్న నాటి నుంచీ కొబ్బరి అటక మీదేసి కింద పెంకులు రాజేత్తానే ఉన్నావండి. ఇక్కడైతే వాన పడదని పోయినేడు తెచ్చి పెట్టేనండి."

"ఎన్నిసార్లు?"

"ముసురట్టినప్పుడల్లానండి."

ఉమాదేవి మట్టినేల మీదే కూలబడింది. చీర సంగతి చూసుకోలేదు. "కొబ్బరి లేని రోజుల్లో కూడానా?"

"ఆయ్. అది మీ కోసవండి." అతను సిగ్గుపడ్డాడు. "ఓ ఆదివారం ఆ మీటరు పెట్టె చూసుకుని, ముసుర్లో కూడా తిరిగింది కనకరాజు గారూ అని నవ్వేరండి. మీరు నవ్వడం నేను చూడ్డం అదే మొదలండి. ఆ రోజు టిఫిను డబ్బా ఇప్పి సగం ఇడ్లీలు నాకెట్టేరు. ఫ్యానుకి కావల్సింది వేడే కదండీ, ఆ మాత్రం మనం చూసుకోలేవా అనుకున్నాను. రేపటిక్కూడా రెండు బస్తాల పెంకులు తెచ్చి ఉంచేనండి. పెద్దోళ్ళొచ్చే ఏళకి బుర్రుమని తిప్పేత్తాను."

తిట్టాలనిపించింది, ఏడవాలనీ అనిపించింది. ఈ గొట్టం సంగతి ఆమె ఊరూరా సెమినార్లలో చెప్పింది, ఆఫీసుల గుమ్మాల దగ్గర నిలబడి చెప్పింది. ఆరేళ్ళూ పక్కనే ఉన్న కనకరాజుకి మాత్రం చెప్పలేదు.

రెండు బస్తాలు. కమిటీ ఉండేది గంట. వాళ్ళ కారు గట్టెక్కగానే నిప్పులు తీసేసినా డబ్బాల వేడికి వాళ్ళు చూసేదాకా ఫ్యాను తిరుగుతుంది. ఎవరికీ తెలియదు. ఆ ఆలోచనతో ఆమె చాలాసేపు కూర్చుంది, లేదని అబద్ధమాడటం ఎందుకు. మరి ముందుముందు వంద మీటర్ల గొట్టం నిలబడి, దాన్ని నమ్ముకుని నాలుగూళ్ళు దీపాలు పెట్టుకుంటే, ముసురు పట్టిన నాడు దాని కింద పెంకులు ఎవరు వేస్తారు?

"నీళ్ళు తెచ్చి ఆర్పేయండి," అంది. ఎందుకో చెప్పింది. ఇన్నాళ్ళకి ఎండ నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పింది. వింటున్నకొద్దీ కనకరాజు మొహం వాడిపోయింది.

మర్నాడు కూడా మబ్బే. కమిటీ పెద్ద నరసింహమూర్తి గారు గొట్టంలోకి తొంగి చూశారు. "తిరగడం లేదేమండీ?"

"మబ్బు కదండీ. తిరగదు."

"మీ రిపోర్టులో..."

"ఆ పద్నాలుగు రోజులూ నిప్పుల వేడివండి. కొబ్బరి ఎండబెట్టడానికి పందిరి కింద పెట్టారు. నేలలోని థర్మామీటరు చెబుతూనే ఉంది, నేనే వినలేదు. ఆ రోజుల్ని కొట్టేశాను చూడండి."

ఆయన పేజీలు తిప్పారు. పద్నాలుగు గీతలు. "ఎవరండీ పెట్టింది?"

కంచె దగ్గర కనకరాజు తువ్వాలు నలుపుకుంటూ నిలబడ్డాడు. ఉమాదేవి అటు చూడలేదు. "బాధ్యత నాదండి," అంది.

నరసింహమూర్తి గారు మంచాయనే. ఫైలు మూసి, "నెలాఖరులోగా విప్పించేయండమ్మా," అన్నారు. కారు వెళ్ళిపోయింది.

ఆమె మీటరు పెట్టె పక్కన కూర్చుంది. ఆకలి వేస్తోంది. టిఫిను డబ్బా విప్పి సగం ఇడ్లీలు మూతలో పెట్టి కనకరాజు వైపు చాపింది.

అతను దగ్గరికొచ్చాడు గానీ చెయ్యి చాపలేదు.

"ఇయ్యాల తిరగలేదు కదండీ," అన్నాడు.

ఉమాదేవి మూత అతని చేతిలో పెట్టి, తనూ ఒక ముక్క తుంచుకుంది.