గోడవార పాదు

ఆరేళ్ల మనవరాలు భోజనాల బల్ల దగ్గర ఎవరి పక్కన కూర్చుంటే ఆ పూట ఆ ఇంటికి వాళ్లే మహారాజు. ఈ సంగతి ఎవరూ పైకి అనరు గానీ బస్సు తాతకు బాగా తెలుసు. జీవితమంతా బస్సు తోలి రిటైరైన ఆయనకు ఇప్పుడు మిగిలిన ప్యాసింజరు ఆ పిల్ల ఒక్కతే. పెరట్లో మడులు కట్టి కూరగాయలు పండించేదీ ఆ పిల్ల కోసమే, పండిన వాటి మీద కోతలు కోసేదీ ఆ పిల్ల కోసమే.

"మన టమాటా ఎంత ఎర్రగా పండిందనుకున్నావు! గోడ మీద పెడితే సిగ్నలనుకుని రోడ్డు మీద బస్సులన్నీ ఆగిపోయాయి. చివరికి నేనే వెళ్లి పచ్చిమిరపకాయ చూపించి పంపించాను" అనేవాడు. పిల్ల పొట్ట పట్టుకుని నవ్వేది.

పోయిన వారం వియ్యంకుడు దిగాడు. కోడలి తండ్రి, పెద్ద హోటల్లో వంట చేసి చేసి మానుకున్నవాడు. వేసవి నాలుగు రోజులూ కూతురింట్లో గడుపుదామని వచ్చాడట. రావడం వచ్చి ఊరుకున్నాడా?

"మా హోటల్లో ఒకసారి ఉల్లిపాయలు తరుగుతుంటే వీధి వీధంతా ఏడుపే. ఎవరు పోయారంటూ పోలీసులొచ్చారు. వాళ్లూ ముక్కులు తుడుచుకుంటూ వెళ్లారు" అన్నాడు.

పిల్ల నవ్వి నవ్వి కుర్చీలోంచి జారిపోయింది. అప్పుడే ఆయనకు వంట తాత అని పేరు పెట్టి, లేచి వెళ్లి పక్కన కూర్చుంది. అప్పట్నించీ ఆ కుర్చీ అక్కడే పాతుకుపోయింది.

"ఏమిటండీ ఆ మొహం? తెగులు తోటకు పట్టిందా, మీకు పట్టిందా?" అంది భార్య.

"నాకేం? నేను బాగానే ఉన్నాను" అన్నాడు బస్సు తాత. లోపల మాత్రం ఇంజను కుతకుత ఉడికిపోతోంది.

అలాంటి రోజుల్లో ఒక మిట్టమధ్యాహ్నం, కూర పొయ్యి మీద పెట్టీ పెట్టకముందే గ్యాసు బండ చేతులెత్తేసింది. కొత్తది సాయంత్రానికి గానీ రాదన్నారు.

"ఇప్పుడెలా నాన్నా? పొద్దుటి బ్రెడ్డూ, ఉడికిన గుడ్లూ తప్ప ఇంకేం లేవు" అంది కోడలు.

"పెరడు నిండా సరుకు పెట్టుకుని ఏం లేవంటావేమిటే!" అంటూ వంట తాత తువ్వాలు నడుముకు బిగించాడు. "బావగారూ, తమరి తోట మీద పడి దోచుకోమంటారా?"

"తమరిదే అనుకోండి బావగారూ" అన్నాడు బస్సు తాత, పళ్లన్నీ కనిపించేలా నవ్వి.

వియ్యంకుడు ముందు బ్రెడ్డును చిన్న ముక్కలు చేసి, పిల్ల చేత పళ్లెంలో పరిపించి, మండే ఎండలో పిట్టగోడ మీద పెట్టించాడు. కాసేపటికి అవి కరకరలాడాయి. పొయ్యి లేకపోతే సూర్యుడున్నాడని పిల్లకు చెప్పాడు. టమాటాలు, ఉల్లికాడలు, ముల్లంగి, పుదీనా, ఏది చేతికి దొరికితే అది గిన్నెలో పడుతోంది. నిమ్మకాయ పిండాడు, ఉప్పు చల్లాడు, మిరియాలు నూరాడు. అంతటితో ఆగినా బాగుండేది. క్యారెట్లు చక్రాల్లా కోసి, తెల్ల ముల్లంగి ముక్కకు రెండు వైపులా పుల్లలతో గుచ్చి, బల్ల మీద గడగడా నడిపించాడు.

"బస్సు! బస్సు! వంట తాత బస్సు చేశాడు!" అని పిల్ల ఇల్లంతా ఎగిరింది.

గుమ్మంలో నిలబడ్డ బస్సు తాత లెక్క వేసుకున్నాడు. ముల్లంగి తనది, క్యారెట్టు తనది, మనవరాలు తనది. ఆఖరికి బస్సు కూడా తనదే. పేరు మాత్రం ఆ పెద్దమనిషికి.

"బావగారూ, రెండు కీరాలు కోసుకొస్తారా? లేతవి" అన్నాడు వియ్యంకుడు.

కుళాయి పక్క పాదుకు లేత కీరాలు నిండుగా వేలాడుతున్నాయి. గోడవారగా ఇంకో పాదు ఉంది. గొట్టం అక్కడిదాకా అందదు, ఎండకు కాగిన గోడ సెగ మాత్రం అంతా దాని మీదే పడుతుంది. అందుకే దాని కాయలు చేదు విషం. పీకేద్దామని రోజూ అనుకుని రోజూ బద్ధకించేవాడు. బస్సు తాత చెయ్యి ముందు కుళాయి పాదు దగ్గరికే వెళ్లింది. అంతలో వంటింట్లోంచి పిల్ల నవ్వు వినిపించింది. ఆ చెయ్యి దానంతటదే గోడవైపు తిరిగింది.

కీరాలు తెచ్చి బల్ల మీద పెడుతుంటే పిల్ల అంటోంది: "వంట తాతా, మా బస్సు తాత తోటలో ఒక్కటి కూడా చేదుండదు తెలుసా? ఆయన వాటికి కథలు చెప్పి పెంచుతాడు. అందుకే నేను తింటాను. బయటివి అస్సలు తినను."

బస్సు తాతకు అప్పుడు వెలిగింది. మొదటి ముక్క పడేది వియ్యంకుడి నోట్లో కాదు, ఈ పిల్ల నోట్లో! ఒకసారి చేదు తగిలాక ఇక ఈ తోటలో కాయ ముట్టుకుంటుందా? "ఆగండి, అవి..." అని నోరు తెరిచాడు. ఏమని చెప్తాడు?

వంటవాడికి రుచి చూసే అలవాటు ఊరికే పోదు. కీర కొన కోసి నాలుక మీద వేసుకున్నాడు వియ్యంకుడు. దవడ ఆగిపోయింది. రెండో కాయ కూడా కోసి చూశాడు. తల ఎత్తి బావగారిని ఒక్క చూపు చూశాడు. మింగాడు.

"పుదీనా కాస్త తక్కువైందమ్మా" అంటూ పెరట్లోకి వెళ్లాడు. వచ్చేటప్పుడు తువ్వాలు ఉబ్బెత్తుగా ఉంది, అందులోంచి కుళాయి పాదు లేత కీర ఒకటి తొంగి చూస్తోంది.

అందరూ బల్ల చుట్టూ చేరారు. పెద్ద గిన్నె మధ్యలో పెట్టి, బస్సు తాత ముందు విడిగా ఒక చిన్న గిన్నె పెట్టాడు. అందులో కీర ముక్కలే ఎక్కువ.

"పెంచిన వారికి ప్రత్యేకం" అన్నాడు చేతులు కట్టుకుని. "రుచి చూసి చెప్పాలి బావగారూ."

బస్సు తాత ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. చేదు నాలుక మీద నుంచి చెవుల్లోకి పాకింది. చిన్నప్పటి మందులన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఎదురుగా పిల్ల తన పళ్లెంలోని ముక్క కరకరా నములుతూ కళ్లు పెద్దవి చేసి చూస్తోంది.

"ఎలా ఉంది తాతా?"

"అ... మృతం" అన్నాడు, కళ్లలో నీళ్లు తిరుగుతుండగా.

"అమ్మా, చూడు, బస్సు తాతకు ఎంత నచ్చిందో! ఏడుపొచ్చేసింది!" పిల్ల కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చి ఆయన పక్కన వేసుకుంది. ఫోర్కు లాక్కుంది. "నేను పెడతా. నోరు తెరువు."

తెరిచాడు. ముక్క తరవాత ముక్క. మధ్యలో పిల్ల ఒకటి తన నోటి దగ్గరికి తీసుకెళ్తుంటే గభాల్న గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఒక్కటే తాతా!"

"వద్దమ్మా. ఇది... ఇది నాకే సరిపోదు."

"అంత బాగుంటే ఇంకాస్త తరగనా బావగారూ?" అన్నాడు వియ్యంకుడు.

"చాలు బావగారూ. తమరి దయ వల్ల కడుపు నిండిపోయింది."

"ఆ గోడవార పాదుకు కాస్త నీళ్లు చూడండి. దాని తప్పేం లేదు పాపం" అన్నాడు వియ్యంకుడు మెల్లగా, బావగారి చెవికి మాత్రమే వినబడేలా.

సాయంత్రం బస్సు తాత బకెట్టుతో నీళ్లు మోసి గోడవార పాదుకు పోశాడు. పోస్తూ పోస్తూ ఒక కన్ను వరండా మీదే పెట్టాడు. అక్కడ వియ్యంకుడు మళ్లీ మొదలెట్టాడు: "మా హోటల్లో ఒకసారి ఉల్లిపాయలు తరుగుతుంటే..."

"అది మొన్న చెప్పావుగా" అంది పిల్ల.

బస్సు తాతకు చేతిలో బకెట్టు సగం బరువు తగ్గినట్టయింది.