వాగు పక్క గది

రెండు స్వెట్టర్లు చాలవేమో, ఆ కొండల మీద నడివేసవిలో కూడా పొద్దున పూట పళ్ళు టకటకలాడతాయట, ఆయనే చెప్పాడు, ఈమధ్య ఆయన చెప్పనిదంటూ ఏముంది గనక, పెళ్ళైన ముప్పై ఏళ్ళూ నోట్లో నాలుక లేని మనిషి, పటాలు కట్టే దుకాణంలో కూర్చుని వచ్చినవాళ్ళతో కొలతలు తప్ప రెండో మాట మాట్లాడి ఎరగడు, అలాంటివాడు ఇప్పుడు పొద్దున లేచింది మొదలు వసపిట్టలా ఒకటే వాగుడు, మబ్బు పట్టిందే, ఎదురింటాయన గోడకి పసుపు రంగు వేయిస్తున్నాడే, ఎవరిచ్చారో ఆ సలహా, ఇదిగో నీ సూదులన్నిటికీ దారం ఎక్కించాను, ఎడమ నుంచి తెలుపు, నలుపు, ఎరుపు, అబ్బబ్బ చెవులు చిల్లులు పడుతున్నాయండీ, దాచుకున్న మాటలన్నీ ఇప్పుడే ఖర్చు పెట్టేస్తారా అని తను విసుక్కుంటే, దుకాణం మూసేశాక ఇంకెవరితో మాట్లాడనే అని నవ్వేవాడు, సర్లే, మూడు స్వెట్టర్లు పెడదాం, ఆ ఎర్రది కూడా పెట్టమన్నాడు.

ఒళ్ళో ఉన్నది ఎర్రదో బూడిదరంగుదో గుండీలు తడిమితే గానీ తెలియదు, అంచు విరిగిన గుండీ ఉంటే ఎర్రది, ఉంది, హమ్మయ్య, ఎర్రదే, తను కుట్టుపని చేసుకునే మనిషి గనక సరిపోయింది, వేళ్ళకి అన్నీ తెలుసు, లేకపోతే ఎప్పుడో బయటపడిపోయేది, చలికాలంలో కంటి డాక్టరమ్మ ఎంత మెత్తగా చెప్పింది, వేసవి దాకా కొంత చూపు ఉండొచ్చమ్మా, చూడాలనుకున్నవేమైనా ఉంటే చూసేయండి అని, పక్కన చెల్లెలు ముక్కు చీదుతోంది, ఊరుకోవే, ఏడిస్తే తిరిగొస్తుందా, మీ బావగారికి చెప్పావంటే నా మీద ఒట్టే, ఆ సాయంత్రమే ఇంటికొచ్చి, ఏవండీ, ఈ వేసవికి మనం ఆ కొండలకి వెళ్ళి తీరాలి అంది, ఎన్నేళ్ళుగా అనుకుంటున్నదో అది, ఊళ్ళోవాళ్ళందరి గోడలకీ ఆ కొండల బొమ్మలు పటం కట్టి ఇచ్చినవాడు, ఆ నిటారు బండలు, ఆ సరస్సు, అద్దం తుడుస్తూ తుడుస్తూ అలాగే ఆగిపోయేవాడు, ఒకసారి దుకాణం పక్కాయన, ఒక్కడివే వెళ్ళి రారాదూ అంటే, మా ఆవిడ చూడనిది నేనొక్కణ్ణే చూసి ఏం చేసుకోను అన్నాడు, ఆ ఒక్క మాటే ఇప్పుడు తన నోరు కట్టేసింది, చెప్తే ప్రయాణం మానేస్తాడు, ఈ జన్మకి మళ్ళీ ఆ కొండ పేరెత్తడు, మంచు కరిగితే గానీ అక్కడి రోడ్డు తెరవరు, అది ఇంకా తెరవనే లేదు, తన కళ్ళు మాత్రం పోయిన నెలతోనే సరి, ఇప్పుడు మిగిలింది కిటికీ ఉన్నవైపు కాస్త తెల్లదనం.

వంటింట్లో గిన్నె చప్పుడు, ఆయన టీ పెడుతున్నాడు, టీ పొడి ఏ డబ్బాలో ఉంటుందో ముప్పై ఏళ్ళుగా తెలియని మనిషి, నీళ్ళు మరుగుతున్నాయే అని అక్కణ్ణుంచే కేక, మరగనివ్వండి, దానికీ చాటింపా, ఇందాక ఫోన్లో ఆ నేషనల్ పార్కు ఆఫీసు అమ్మాయితో ఎంతసేపు మాట్లాడాడు, కొండకి ఎదురుగా ఉన్న గది ఖాళీ ఉందంటోంది ఆ అమ్మాయి, స్పీకర్లో వినిపిస్తూనే ఉంది, మంచం మీద పడుకునే శిఖరం చూడొచ్చు సార్, వద్దమ్మా, వాగు పక్క గది ఇవ్వండి అని ఈయన, సార్ అక్కణ్ణుంచి ఏమీ కనబడదు, చుట్టూ చెట్లే, పైగా రాత్రంతా నీళ్ళ హోరు, ఆఁ, ఆ హోరున్నదే కావాలి, తనకి ఒళ్ళు మండింది, మతి గానీ పోయిందా ఈయనకి, ఎన్నేళ్ళ కోరిక, కిటికీలోంచి కొండ కనబడే గది వదులుకుంటారా ఎవరైనా, ఏవండీ, కొండవైపుదే తీసుకోండి, నేను చూడాలి అని గట్టిగా అంది కూడా, కొండ ఎక్కడికి పోతుందే, బయటికొస్తే అదేగా అన్నాడు, తర్వాత నిరుడు అక్కడికి వెళ్ళొచ్చిన స్నేహితుడు పంపిన కొండల బొమ్మ పోస్టుకార్డు తెచ్చి తన ముందు బల్లమీద పెట్టాడు, చూడవే ఎలా ఉందో అని, అప్పుడే గిన్నెలు కడిగి వచ్చింది, చేతులు తడి, లేకపోతే ముందు తడిమి చూసుకునేది, వంగి, కాస్త తల వాల్చి, చూసేవాళ్ళు ఎలా చూస్తారో అలా చూసి, అబ్బ, ఎంత బాగుందండీ ఆ సరస్సు, ఆ బండలు చూడండి ఎలా నిక్కి నిలబడ్డాయో అంది, ఆయన మెల్లగా, నీళ్ళు నీలంగా ఉన్నాయి కదూ, అంచున కాస్త పచ్చగా, ఆ మూల ఇంకా మంచు ఉంది చూడు అన్నాడు, ఉంది ఉంది అంది తను, గండం గడిచిందనుకుంది.

కార్డు ఇంకా బల్లమీదే ఉంది, పెట్టెలో స్వెట్టర్ల కింద పెట్టుకుందామని అందుకోబోతే బొటనవేలికి ఏదో తగిలింది, చిన్న కాగితం ముక్క, చుట్టూ పళ్ళు పళ్ళుగా అంచు, ఒక మూల లేచి ఉంది, తపాలా బిళ్ళ, బిళ్ళ పైవైపు ఎందుకుంటుంది, కార్డుని మళ్ళీ ఎవరూ ముట్టుకోలేదు, ఆయన పెట్టినది పెట్టినట్టే ఉంది, తొందరలో బోర్లా పెట్టాడు, అంటే ఇందాక తను వంగి వంగి మెచ్చుకున్నది సరస్సునీ కాదు, బండల్నీ కాదు, బిళ్ళ అంటించిన వెనకవైపుని, అయ్యో, దొరికిపోయాను, మరి ఆయన, ఆయనకి కనబడుతోందిగా, బోర్లా ఉందే అనలేదేం, కార్డు తిప్పలేదేం, ఎదురుగా లేని నీళ్ళకి నీలం రంగు ఎందుకు చెప్పాడు.

టీ పొడి వేస్తున్నానే, చక్కెర తక్కువే వేస్తాలే, వంటింట్లోంచి ఆ గొంతు, ఇదెప్పుడు మొదలైంది, దుకాణం మూసినప్పుడు కాదు, ఆ తర్వాత, ఆ రోజు, తలుపు పక్కన తగిలించిన ఆయన కోటుతో తను, ఎంతసేపండీ అలా నిలబడతారు, వచ్చి కూర్చోండి అంది, కోటు పలకలేదు, కాసేపటికి వెనకనుంచి, ఇక్కడున్నానే, కిటికీ దగ్గర అని చిన్నగా వినబడింది, చీకట్లో పొరపడ్డానండీ అని నవ్వేసింది, అది పట్టపగలు, ఆ పూటనుంచే ఈ వాగుడు, మబ్బులు, పసుపు గోడ, తెలుపు నలుపు ఎరుపు, స్నానాల గదిలో పంపు అంతంతసేపు తిప్పి వదిలేయడం కూడా అప్పటినుంచే, నీళ్ళన్నీ వృథా చేస్తారేమండీ అని తిట్టింది కూడా, ఎంత మొద్దు తను, ఏడుపు వినబడకూడదని తిప్పుకునేవాడన్నమాట, ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి, ఎదురింటి గోడ ఏ రంగో చెప్పేవాడు, వాగు పక్క గది, ఆ హోరున్నదే కావాలి, ఆయనకి తెలుసు, ఎప్పటినుంచో తెలుసు, తెలిసే ప్రయాణం కడుతున్నాడు, తెలిసే ఇన్నాళ్ళూ మాటలు నేర్చుకుంటున్నాడు, అక్కడికి వెళ్ళాక తనకి చెప్పడం కోసం.

కప్పు బల్లమీద పెట్టిన చప్పుడు, నీ కుడిచేతి వైపు పెట్టానే, వేడిగా ఉంది జాగ్రత్త అన్నాడు, కుర్చీ కిర్రుమంది, ఆమె కార్డుని నున్నటి వైపు పైకి వచ్చేలా తిప్పి ఆయన చేతిలో పెట్టింది, కళ్ళనీళ్ళు తుడుచుకోలేదు, ఇంకా దాచేదేముంది గనక, నాకు కనబడటం లేదండీ, మొదట్నుంచి చెప్పండి అంది, ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకుని, ముందు పైన ఆకాశం ఉందే, అన్నాడు.