అడుగు ఉబ్బిన డబ్బా

ఆ ఏడు డిసెంబరు నాటికి మాణిక్యాలరావు చేతిలో ఉన్నవి ఇవి: అంబాజీపేట సెంటర్లో ఎనిమిదడుగుల కొట్టు, ఒక పీపా ఇంజనాయిలు, కొంత గ్రీజు, బ్రేక్ ఆయిలు, బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటరు, వీటన్నిటి వెనకాల ఎవరూ ముట్టుకోని ఆరు పచ్చ డబ్బాలు.

మిగతా సరుకు దిగిన వారంలో పోయేది. కొబ్బరికాయలు ఎత్తుకుని ఉత్తరాదికి పోయే లారీలు ఆ కొట్టు ముందునుంచే కదిలేవి. పచ్చ డబ్బాలు మాత్రం అంటగట్టిన సరుకు. బెజవాడ టోకు కొట్లో బ్రేక్ ఆయిలు కావాలంటే దానితోపాటు కదలని సరుకు కొంత మోసుకుపోవాలి, లేదంటే బ్రేక్ ఆయిలు అయిపోయిందనేవారు. మిలిటరీ వేలంలో పాడుకొచ్చిన డబ్బాలవి. మిషన్ హైస్కూల్లో చదివిన ఇంగ్లీషుతో మాణిక్యాలరావు వాటిమీద రాసింది కూడబలుక్కున్నాడు. రేడియేటరు నీళ్ళలో ఈ మందు కలిపితే ఎంత చలికీ ఆ నీళ్ళు గడ్డకట్టవట.

సెంటరంతా నవ్వింది. కొబ్బరి వర్తకుడు నారాయణమూర్తి రోజూ సోడా తాగడానికి వచ్చి ఆ డబ్బాలకేసి చూసేవాడు.

"మాణిక్యాలరావుగారూ, గన్నవరం కాలవ గడ్డకట్టిన రోజున కబురెట్టండి. డజను కొంటాను."

"ఆయ్, అలాగేనండి. అప్పటికి రేటు పెరుగుద్ది, చూసుకోండి," అనేవాడు మాణిక్యాలరావు. లోపల మాత్రం గుచ్చుకునేది. తను అమ్మేదేమిటో తనకే తెలియకపోవడం అతనికి సుఖంగా ఉండేది కాదు.

క్రిస్మస్ వెళ్ళాక ముత్యాలుకి సిమ్లా లోడు తగిలింది. అతనికున్నది ఒక్కటే లారీ. భార్య కామాక్షికి వాళ్ళ నాన్న రాసిచ్చిన అరెకరం తోట అమ్మి కొన్నది. అది తిరిగితే ఇల్లు తిరుగుతుంది. మాణిక్యాలరావు తనే వెళ్ళి బేరం పెట్టాడు.

"అబ్బాయ్, రెండు డబ్బాలు పోయిస్తాను. పనిచేస్తే వచ్చేక డబ్బియ్యి. లేకపోతే వద్దు. మిగతా నాలుగూ పట్టుకుని నేనూ నీతో వస్తాను."

"నమ్మకం లేకా బాబాయిగారూ?"

"నీ మీద ఉంది. డబ్బా మీదే లేదు."

మెకానిక్ ఏసుదాసు రేడియేటరు కింది గొట్టం ఊడదీసి పాతనీళ్ళు వదిలేశాడు. ఇంజను బ్లాకుకి కూడా నీళ్ళు వదలడానికి చిన్న కుళాయి ఉంటుంది. ఏళ్ళ తరబడి పోసిన ఉప్పునీళ్ళకి అది చిలుం పట్టి బిగుసుకుపోయింది. కోనసీమలో ఆ కుళాయితో ఎవరికీ ఎప్పుడూ పని పడలేదు.

"ఉంచెయ్యండి, దాన్తో మనకేం పని," అన్నాడు ఏసుదాసు. బ్లాకులో ఉన్న పాతనీళ్ళు ఉండగానే రెండు డబ్బాల్లోని పచ్చరంగు మందు, పైన కొత్తనీళ్ళు పోశారు.

తొమ్మిదో రోజు సాయంత్రం, సిమ్లా ఇంకా కొద్దిదూరం ఉందనగా, మంచు పడిందని రోడ్డు మూసేశారు. ముప్పై లారీలు ఆగిపోయాయి. కొండల వాళ్ళు దిగీ దిగగానే బళ్ళ కిందికి దూరి నీళ్ళన్నీ వదిలేస్తున్నారు. ఒక సర్దార్జీ వచ్చి వీళ్ళ బండి చూసి, నీళ్ళు తీసెయ్యండి, లేకపోతే పొద్దుటికి ఇంజను పగులుతుంది అని హిందీలో చెప్పాడు. ముత్యాలు కింద దూరి స్పానరుతో కుళాయి తిప్పి చూసి బయటికొచ్చాడు.

"కదలట్లేదండి. ఇంకొంచెం బలం పెడితే విరిగిపోద్ది. బాబాయిగారూ, ఆ డబ్బా మీద రాసింది నిజమేనా?"

బ్లాకులో పాతనీళ్ళు ఎన్ని ఉండిపోయాయో, మందు ఎంత పలచనైందో ఎవరూ కొలవలేదు.

"నిజం కాకపోతే నా కొట్టు నీది," అన్నాడు మాణిక్యాలరావు. "కానీ పొద్దున్న ఇంజను కొట్టేముందు తెలియాలి కదా. ఆ ఖాళీ బ్రేక్ ఆయిలు డబ్బాలు ఇలా తే."

ఒకదాన్నిండా రేడియేటరులోని పచ్చనీళ్ళు, రెండోదాన్నిండా మామూలు నీళ్ళు పోసి, మరమూతలు బిగించి బంపరు మీద పక్కపక్కనే పెట్టాడు. తర్వాత ఇద్దరూ ఉన్న గుడ్డలన్నీ కప్పుకుని కేబినులో ముడుచుకున్నారు. ముత్యాలు కామాక్షి పేరు ఒకసారి అనుకున్నాడు. మాణిక్యాలరావు ప్రార్థన చేసుకున్నాడు గానీ చలికి మధ్యలో మాటలు మర్చిపోయాడు.

తెల్లారి తలుపు తీస్తే నేలంతా తెలుపు. తలనూనె సీసా రాయై ఉంది. అది మాణిక్యాలరావుకి వింత కాదు. మాఘమాసం పొద్దుల్లో కొబ్బరినూనె పేరుకోవడం పుట్టిందగ్గర్నుంచీ చూసిందే. బకెట్టులోని నీళ్ళ మీద వేలు పెట్టాడు. వేలు దిగలేదు. పిడికిలితో కొట్టాడు. చెయ్యే నొప్పి పెట్టింది. బోర్లిస్తే నీళ్ళు బకెట్టు ఆకారంలో కింద పడి నిలబడ్డాయి. మనిషి వాటిముందు గొంతుక్కూర్చుని లేవలేదు. యాభై ఏళ్ళు తాగిన నీళ్ళు, స్నానం చేసిన నీళ్ళు, బాప్తిస్మం తీసుకున్న నీళ్ళు ఇవేనా అనుకున్నాడు.

పక్కనే ఒక డ్రైవరు తలబాదుకుంటున్నాడు. రాత్రి నీళ్ళు వదలకుండా నిద్రపోయాడట. అతని బ్లాకు పక్కన జానెడు పగులు, ఆ పగుల్లోంచి తెల్లటి మంచు అంచు. ఇనుముని నీళ్ళు చీల్చేశాయి. మాణిక్యాలరావు ఆ పగులు మీద చెయ్యి వేసి తీశాడు.

ఇక చూడాల్సినవి బంపరు మీది డబ్బాలు.

"మీరే చూడండి. నేను చూడలేను," అన్నాడు ముత్యాలు.

మామూలు నీళ్ళ డబ్బా ఊపితే చప్పుడు లేదు. దాని అడుగు బయటికి ఉబ్బి ఉంది. రెండోది తీసి చెవి దగ్గర ఊపాడు. బుడుంగు, బుడుంగు. మూత తీసి వంచితే పచ్చనీళ్ళు ధారగా మంచు మీద పడ్డాయి. మళ్ళీ వంచాడు. మూడోసారి కూడా వంచబోతే ముత్యాలు చెయ్యి పట్టుకున్నాడు.

"చాలండి, అంతా ఒలకబోసేరు."

పక్క లారీవాళ్ళ నిప్పుల కుంపటి అడిగి తెచ్చి ఇంజను అడుగునుండే ఆయిలు చాంబరు కింద పెట్టి అరగంట వెచ్చచేశాక ఇంజను కొట్టారు. రెండుసార్లు దగ్గి అందుకుంది. ముత్యాలు దిగి బ్లాకుని చుట్టూ తడిమి, కుళాయి కింద వేలు పెట్టి చూసుకున్నాడు. తడి లేదు. అప్పుడు మళ్ళీ కేబినెక్కి స్టీరింగు మీద తల ఆనించాడు.

సర్దార్జీ వచ్చి పచ్చనీళ్ళు వేలికి అద్దుకుని, మిగిలిన డబ్బాలు ఎంతకిస్తారని అడిగాడు. అతను చెప్పిన ధరకే నాలుగూ ఇచ్చేశాడు మాణిక్యాలరావు. ఇరవై ఏళ్ళ వ్యాపారంలో బేరం ఆడటం మరిచిపోవడం అదే మొదలు.

అంబాజీపేట చేరిన మర్నాడు నారాయణమూర్తి సోడాకి వచ్చాడు.

"లాభమా నష్టమా అండీ?"

మాణిక్యాలరావు బల్లమీద ఒక చిన్న డబ్బా పెట్టాడు. ఉబ్బిన అడుగు మీద అది నిలబడక అటూ ఇటూ ఊగింది.

"ఏటండీ ఇది?"

"మామూలు నీళ్ళు చేసిన పనండి."

నారాయణమూర్తి డబ్బా తిప్పి అడుగు నొక్కాడు. లోపలికి పోలేదు. ఇంకా గట్టిగా నొక్కాడు. ఆ తర్వాత కాలవ మాట ఎత్తలేదు.

ఆ రాత్రి లెక్క చూసుకుంటే పోయినవి పచ్చ డబ్బాలు ఆరు, పనిలేని రోజులు ఇరవై. వచ్చినవి: నాలుగు డబ్బాల మీద అసలుకి కాస్త తక్కువ, తను వద్దన్నా ముత్యాలు చేతిలో పెట్టిన రెండు డబ్బాల ఖరీదు, రోడ్డు మీద తిరుగుతున్న కామాక్షి లారీ, ఊగే డబ్బా ఒకటి.