తొక్కి చూసిన సీసాలు

పాల ప్యాకెట్టు కడిగి, తిరగేసి మళ్ళీ కడిగి, తీగకి క్లిప్పు పెట్టి ఆరేస్తుంటే అత్తగారు వెనక నుంచి అంది, "బట్టలారేసే తీగ మీద ఆ చెత్తేంటమ్మాయ్?"

"మీ అబ్బాయిది అత్తయ్యా," అంది కోడలు.

అబ్బాయిది అనేసరికి చెత్త కాస్తా సమాజసేవ అయిపోయింది. ముసలావిడ తనే ఇంకో క్లిప్పు అందించింది.

ఆ అబ్బాయి కాలనీ సంఘానికి కార్యదర్శి. ప్రసూతి ఆసుపత్రి ముందు బస్సు కోసం నిలబడే ఆడవాళ్ళకి ప్లాస్టిక్ చెత్తతో బెంచీ కట్టిస్తానని మీటింగులో మాటిచ్చి వచ్చాడు. ఖాళీ నీళ్ళ సీసాల్లో కవర్లు కుక్కి, ఇటుకల్లా పేర్చి, పైన సిమెంటు మెత్తి, రంగురంగుల మూతలతో పువ్వులు అద్దాలి. ఆరు వందల సీసాలు కావాలి. మాట ఆయనది, కుక్కే చెయ్యి ఈవిడది. అత్త సొమ్ము అల్లుడి దానమంటారే, అదే ఇది. కాకపోతే ఇక్కడ అల్లుడికి బదులు మొగుడు.

నాలుగు నెలల పాటు ఆమె మధ్యాహ్నాలన్నీ ఆ సీసాల్లోకే పోయాయి. కవరు తడిగా ఉంటే లోపల కుళ్ళుతుంది. వదులుగా కూరితే సీసా నొక్కుకుపోతుంది. చెక్కగరిటె తిరగేసి దాని కాడతో దట్టించీ దట్టించీ అరచెయ్యి కాయకాసింది. నిండిన ప్రతి సీసానీ నేల మీద పడుకోబెట్టి, ఉత్తకాళ్ళతో ఎక్కి నిలబడి చూసేది. గట్టిగా నిలిస్తే సరే. నొక్కుకుంటే స్నానాలగది వెనక గోనెసంచిలో వేసేది, తీరిక దొరికినప్పుడు మళ్ళీ కూరుదామని. ఆ తీరికే దొరకలేదు. "ఇంట్లోనే ఉంటావుగా, రోజుకి పది చెయ్యలేవా?" అనేవాడు ఆయన. ఇంట్లో ఉండడమంటే ఖాళీగా ఉండడమని ఈయనకి ఎవరు చెప్పారో, పెళ్ళయిన పదహారేళ్ళ నుంచీ ఆమెకి అంతుపట్టలేదు.

ప్రారంభానికి రెండు రోజుల ముందు చూస్తే సంచి లేదు.

"ఏమండీ, స్నానాలగది వెనక సంచేదీ?"

"అవన్నీ అక్కడ పడేసి మర్చిపోయావేం? సీసాలు చాలట్లేదని మేస్త్రి గోల పెడుతుంటే నేనే మోసుకెళ్ళిచ్చా. బెంచీ ఎడమ కొసంతా వాటితోనే పూర్తయింది."

"మర్చిపోలేదండీ. అవి నొక్కుకుపోయినవి. తొక్కి చూసి పక్కన పెట్టా."

"పైన సిమెంటుందిగా?"

"లోపల డొల్లగా ఉంటే సిమెంటేం ఆపుతుంది? నెలలు నిండిన మనిషి కూర్చున్నప్పుడు కూలితే?"

"ఎల్లుండి ఆఫీసరొస్తున్నాడు, ఇప్పుడు పగలగొట్టమంటావా? నాలుగు సీసాలు కుక్కేసరికి ఇంజనీరువైపోయావ్!"

మేస్త్రీని అడిగింది. "సార్ చెబితే విప్పుతానమ్మా," అన్నాడు. అత్తగారితో మొరపెట్టుకుంది. "వాడికి నలుగురిలో పేరొస్తుంటే ఓర్చుకోలేవా?" అందావిడ. ఆ రెండు రాత్రులూ ఆమెకి కంటి మీద కునుకు లేదు.

సభలో ఆయన దండలు వేయించుకుని, "నాకు చేదోడుగా ఉన్న మా శ్రీమతి రెండు ముక్కలు మాట్లాడాలి," అని మైకిచ్చాడు. ఆమె సరిగ్గా రెండు ముక్కలే మాట్లాడింది. "ఎడమ కొసన ఎవరూ కూర్చోకండి. లోపలి సీసాలు గట్టివి కావు."

ఆయన మైకు లాక్కున్నాడు. "మా ఆవిడకి మొదట్నుంచీ భయం ఎక్కువండీ. నేను బండి స్టార్టు చేస్తే చాలు, కళ్ళు మూసుకుంటుంది!"

అందరూ గొల్లుమన్నారు. ఆఫీసరు కూడా నవ్వాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. అందరూ నవ్వుతుంటే ఆమె కూడా నవ్వేసింది. ఇంటికొచ్చాక ఆ నవ్వు గుర్తొచ్చి తన మీద తనకే అసహ్యం వేసింది. వాళ్ళు నవ్వారంటే తెలియక. తెలిసి నవ్వింది తనొక్కతే.

మర్నాడు పొద్దున్నే పొయ్యి వెలిగించకుండా చెప్పులేసుకుని బయల్దేరింది. ఆసుపత్రి గేటులోంచి ఒక నిండు చూలాలు నడుం పట్టుకుని నెమ్మదిగా వస్తోంది. చెట్టు నీడ బెంచీ ఎడమ కొస మీదే పడుతోంది. ఆ చూలాలి కంటే ముందే ఆమె గబగబా వెళ్ళి అక్కడ కూర్చుంది.

"అటు కూర్చోమ్మా."

"అటు ఎండ కదక్కా."

"ఎండే. అయినా అటే కూర్చో."

ఆ పిల్ల మొహం ముడుచుకుని కుడి కొసకి వెళ్ళి, "నీడంతా తనకే కావాలి," అని గొణుక్కుంటూ కూర్చుంది. ఆమెకి వినబడింది. చెప్పుకుంటే మాత్రం ఎవరు నమ్ముతారు?

ఫోను మోగింది.

"తొమ్మిదైంది. టిఫిను లేదు, నా డబ్బా లేదు. అక్కడ కూర్చున్నావట, నలుగురూ ఫోన్లు చేసి చెబుతున్నారు. ఎంతసేపు కూర్చుంటావ్?"

"ఈ కొస కుంగేదాకానండీ," అంది.