అడ్డచెక్క

గంజి వార్చి, కుండ దించి, చేతులు కడుక్కున్నాక నేను చేసే పని టైర్లలో ముళ్ళు తీయడం. కొడవలి మొనతో ఒక్కో తుమ్మముల్లూ పెకలించాలి. నల్లమట్టి ఎండి గట్టిపడితే నీళ్ళు చల్లి గోకాలి. నాలుగు చక్రాలూ అయ్యేసరికి నడుం పట్టేస్తుంది. సరిగ్గా అప్పుడే మా అత్త రామేశ్వరమ్మ అరుగు మీద నుంచి, "ఊరికే కూచున్నావేమే, గొడ్లకు కుడితి పెట్టుపో" అంటుంది. పొయ్యి దగ్గర కూర్చుంటే పని, బండి దగ్గర కూర్చుంటే షికారు. ఆమె లెక్క అది.

ఆ బండి మా ఆయన నరసన్న మద్రాసు వేలంలో కొన్నది. యుద్ధంలో మిలిటరీ వాళ్ళు వాడి వదిలేసిన పికప్పు. ముందు ఇద్దరు కూర్చోవచ్చు, వెనకంతా సరుకే. మైదుకూరులో బియ్యం, బెల్లం, టెంకాయలు ఎక్కించుకుని అహోబిలం కొండ మీది అంగళ్ళకు చేరవేస్తాం. తిరిగొచ్చేటప్పుడు చింతపండో కుంకుళ్ళో వేసుకొస్తాం. "చేరవేస్తాం" అని నేనంటున్నాను గానీ మా ఇంట్లో ఎవరూ అలా అనరు. నరసన్న బండి తోలుతాడంటారు. నా సంగతి అడిగితే, "యామె కూడా పోతాది" అంటారు, ఆయన భుజం మీద తువ్వాలు పోయినట్టు.

మొదట్లో లేవి అని ఒక క్లీనరు ఉండేవాడు. బండికి చెయ్యిబ్రేకు ఎప్పుడో పోయింది. ఎత్తు ఎక్కుతూ బండి ఆగిపోతే లేవి కిందికి దూకి వెనక చక్రం కింద అడ్డచెక్క పెట్టేవాడు. అప్పుడే మా ఆయన కాలిబ్రేకు వదిలి బండిని మళ్ళీ ముందుకు లాగగలడు. లేవి బస్సుల్లో పని దొరికి వెళ్ళిపోయినప్పుడు ఇంకొకర్ని పెట్టుకుందామన్నాను. "చెక్క పెట్టేదానికి మనిషెందుకు? నువ్వుండావు గదా" అన్నాడు మా ఆయన. ఆ మాటలో నేను మనుషుల లెక్కలో లేనని ఆయనకు తోచలేదు. నిజం చెప్పాలంటే నాకూ తోచలేదు. పెళ్ళయ్యాక మొదటిసారి ఊరు దాటుతున్నానని సంబరపడ్డాను కూడా.

ముందు సీటు బేరగాళ్ళది. ఎవరూ లేకపోయినా అది నాది కాదు. ఒకసారి ఎక్కబోతే అత్త వీధిలోనే అందుకుంది: "మొగుని పక్కన కూచోని ఊరేగుతాదంట, సిగ్గు ల్యాక!" దాంతో మూటల మీదే కూర్చున్నాను. వెనక కూర్చోబట్టి దోవ అంతా నా కళ్ళ ముందు పరుచుకునేది. ఆళ్ళగడ్డ వరకు పరవాలేదు. అక్కడ పక్కకు తిరిగితే నల్లరేగడి, చినుకు పడిందంటే చక్రానికి పిండి ముద్దలా అంటుకుపోతుంది. అడవి దగ్గర ముళ్ళు. కొండ దోవలో గులకరాళ్ళు. టైర్ల మీద గీతలన్నీ అరిగి నున్నగా అయిపోయాయి. ఆ రాళ్ళ మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది, బండి మాత్రం కదలదు. "దిగే!" అని ముందు నుంచి కేక వస్తుంది. దిగుతాను, చెక్క పెడతాను, బండి కదిలాక వెంట పరుగెత్తి ఎక్కుతాను. ఎక్కానో లేదో ఆయన ఏనాడూ వెనక్కి తిరిగి చూడలేదు.

పోయిన తిరునాలకు ముందు రోజు నేను బయట చేరాను. మా ఇంట్లో ఆ మూడు రోజులూ గొడ్ల కొట్టమే నా గది. గడప తాకకూడదు, నీళ్ళకుండ తాకకూడదు. అన్నం పై నుంచి వేస్తారు. మామూలు నెలల్లో అయితే నాతో పాటు బండీ నిలబడిపోయేది, నేను తిట్లు తినేదాన్ని. కానీ అది తిరునాల. కొండ మీది అంగళ్ళ వాళ్ళు టెంకాయల కోసం కబురు మీద కబురు పెడుతున్నారు. అత్త కొట్టం ముందు నిలబడి కాసేపు ఆలోచించి శాస్త్రం తేల్చేసింది: "కట్టెకు మైలేందే? చెక్క పట్టుకోని పో. టెంకాయలు మాత్రం తాకగాకు. కొండకాడ దిగి బండి ఎనక నడ్సు." దేవుడి ముందు కొట్టే టెంకాయను నేను తాకితే పాపం. ఆ టెంకాయలు మోసే చక్రం కింద చెయ్యి పెడితే ఏ పాపమూ లేదు.

ఎండలో బండి వెనక నడిచాను. కడుపులో నొప్పి, కాళ్ళ కింద కాలే రాళ్ళు. మలుపు దగ్గర బండి ఆగింది. చెక్క పెట్టాను. టైరు జారి, బండి చెక్కను నెట్టుకుంటూ నా మీదికి వచ్చింది. చెయ్యి లాక్కున్నాను గానీ వేలు చెక్కకూ రాయికీ మధ్య నలిగి గోరు ఊడిపోయింది. గాజులు పగిలి మణికట్టులో దిగాయి. బండి పక్కనున్న గుట్టకు ఆనుకుని ఆగింది. నా అరుపు విని ఆయన తల బయట పెట్టి, "టెంకాయలు పడినాయా?" అన్నాడు.

"పడలేదు" అన్నాను.

ఆ జవాబు ఎందుకిచ్చానో ఇప్పటికీ నా మీద నాకే మంటగా ఉంటుంది. ఇంటికొచ్చాక అత్త ఆకులో పసుపు పెట్టి దూరం నుంచి విసిరింది. కొట్టంలో గొడ్ల పక్కన పడుకుని, ఈసారి వేలితో పోయింది, ఇంకోసారి తలే పోవచ్చు అనుకున్నాను. చావంటే భయం వేయలేదు. నేను పోయాక వీళ్ళు అనబోయే మాట చెవిలో వినబడి ఒళ్ళు మండింది. "చెక్క సరిగ్గా పెట్టల్యేదు" అంటారు. అంతే అంటారు.

టైర్లలో నూలు బయటపడ్డాక కొత్తవి కొనక తప్పలేదు. కడపలో మదార్ సాహెబు అంగడికి పోయాం. నేను ఎప్పటిలాగే వెనక కూర్చుని ఉన్నాను. సాహెబు రెండు రకాల టైర్లు దొర్లించుకొచ్చాడు. ఒకటి నిలువు గీతలది, తారు రోడ్డు మీద మెత్తగా పోయేది. రెండోది లావుపాటి అడ్డగట్లది.

"నీ దోవకు ఇదే కావల్ల నరసన్నా" అని సాహెబు గట్ల టైరును తట్టాడు. "బురదలో, రాళ్ళలో, యాడైనా పట్టు దొరుకుతాది."

"తారు మీద గురుగురుమంటాది సాయిబూ. పెట్రోలు శానా తాగుతాది. గీతలవే ఏయి."

"కొండ మీద జారితే ఏం జేస్తావప్పా?"

"ఎనక మా యామె ఉండాదిలే" అన్నాడు మా ఆయన. నవ్వుతూ అన్నాడు.

ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో నేనేమిటో నాకు ఎవరూ ఇంత విడమరచి చెప్పలేదు. టైరుకు లేని పట్టు నేను, పోయిన చెయ్యిబ్రేకు నేను. వాటికైతే డబ్బు పెట్టి కొనాలి. నేను ఇంట్లోనే ఉన్నాను. కోపం కాళ్ళ నుంచి పైకి పాకింది. బండి దిగి టైర్ల దగ్గరికి నడిచాను.

"గట్లవే ఏయి సాయిబూ" అన్నాను.

అంగట్లో అందరూ తిరిగి చూశారు. మా ఆయన మొహం కందిపోయింది. "ఆడది చెప్తే టైర్లు ఏస్కున్యాడని ఊరంతా నవ్వల్లనా? గీతలవే ఏయి!"

"సరే. బండి నీది, టైర్లు నీవి. చెయ్యి మాత్రం నాది. ఇంగ చక్రం కింద పెట్టను."

"సూస్తాంలే" అని నవ్వాడు. గీతల టైర్లే వేయించాడు.

మర్నాడు పొద్దున సరుకు ఎక్కించాక నేను పోయి ముందు సీట్లో కూర్చున్నాను. అత్త అరుగు మీద నుంచి, "అయ్యో, ఊరేగుతాండావేమే!" అంది.

"అవునత్తా, ఊరేగుతాండా" అన్నాను.

ఆళ్ళగడ్డ దాటాం. కొండ దోవ ఎక్కాం. కొత్త టైర్లే గానీ గులకరాళ్ళ మీద అదే తంతు. సగం ఎత్తులో ఇంజను ఆగిపోయింది. ఆయన బ్రేకు తొక్కిపట్టాడు. బండి కొంచెం వెనక్కి జారి నిలిచింది.

"దిగే!"

"దిగను."

"బండి ఎనక్కి పోతాది!"

"పోనీ."

"సస్తామే!"

"ఇద్దరం సస్తాం. ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే గదా సచ్చేది."

 సీటు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. ఆయన నా వైపు చూశాడు, లోయ వైపు చూశాడు. "నేను దిగితే బ్రేకు ఎవరు తొక్కుతారు?" అన్నాడు. 

"నేను తొక్కుతా. ఎట్లనో చెప్పు."

పక్కకు జరిగి ఆయన పాదం మీద నా పాదం పెట్టాను. ఆయన మెల్లగా తన కాలు తీసుకున్నాడు. బండి బరువంతా నా పిక్కలోకి దిగింది. ఆయన చెక్క తీసుకుని వెనక్కి పోయాడు.

"తొక్కినావా?"

"తొక్కినా."

"కాలు తీయొద్దే... మహాదేవమ్మా, తీయొద్దు."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. కాలు ఎత్తాలన్న ఆలోచన రాలేదా అని ఎవరైనా అడిగితే, వచ్చిందనే చెబుతాను. వచ్చింది. అందుకే ఇంకా గట్టిగా తొక్కాను.

చెక్క పెట్టి వచ్చిన మనిషి మోచేతులు గీసుకుపోయి ఉన్నాయి. గడ్డం కింద దుమ్ము, చెమట. స్టీరింగు పట్టుకుని బండిని మళ్ళీ ముందుకు లాగాడు.  పైన టెంకాయలు దించి కొండ దిగాం. మైదుకూరు దగ్గర మా ఊరి వైపు తిప్పుతాడనుకున్నాను. తిప్పలేదు. బండి తిన్నగా కడప దారిలోనే పోయింది.

సాహెబు అంగడి కట్టేయబోతున్నాడు. మమ్మల్ని చూసి ఆగాడు. "నిన్ననే గదప్పా ఏస్కపోతివి? టైర్లలో ఏమన్నా తప్పుండాదా?"

"తప్పేం లేదు. గట్లవి ఏయి" అన్నాడు మా ఆయన, నేల చూస్తూ.

"ఒక్క దినానికే మనసు మారిందే! ఏమైందప్పా?"

 నేను ముందు సీట్లోంచి దిగకుండానే చెప్పాను.

"ఈ తూరి చక్రం కింద చెక్క పెట్టింది ఆయన, సాయిబూ."