అవసరానికి వదిన

దర్జీ ఆవిడ కిటికీ కింద నేలమీద కూర్చుని కర్టెన్ అంచు మడిచి చేత్తో కుడుతోంది. మిషను మీదైతే చిటికెలో పని. కానీ ఆమెకో పట్టింపు ఉంది. బయటివాళ్ళ గుడ్డకే మిషను, సొంతవాళ్ళకు చేతికుట్టే. ఇది కూతురి అత్తవారిల్లు మరి.

వియ్యపురాలి నోట్లో 'వదినగారూ' అన్న పిలుపు ఊరికే పుట్టదు. చొక్కా పిగలాలి, లేదా దిండు గలీబులు వెలిసిపోవాలి. మిగతా రోజుల్లో వీధిలో ఎదురైతే ఆవిడ కళ్ళు ఆకాశంలో కాకుల్ని వెతుక్కుంటాయి. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. ఇదంతా తెలిసీ దర్జీ ఆవిడ వచ్చేది. ఎప్పటికైనా నలుగురి ముందు ఆ మాట అంటే, ఈ ఇంట్లో తన పిల్ల తలెత్తుకు తిరుగుతుందని ఆశ.

ఇవాళ అల్లుడి పై అధికారి భార్యతో వస్తున్నాడట. బోసి కిటికీలు చూస్తే పరువేం కావాలని వియ్యపురాలు వాపోయింది. మీ చెయ్యి పడితేగాని గదికి కళ రాదంది. అన్నీ వేలాడదీసి ఆఖరిది కుడుతుండగానే అతిథులు దిగారు. అధికారి భార్య వేలాడుతున్న ఓ కర్టెన్ అంచు ఎత్తి తడిమి, కుట్టే కనబడటం లేదే, ఎవరీమె అని అడిగింది.

"మా కుట్టుపనావిడండీ. కబురు పెడితే వచ్చి కుట్టిపోతుంది," అంది వియ్యపురాలు, తడుముకోకుండా.

కూతురు మంచినీళ్ళ ట్రేతో గుమ్మంలో ఉంది. ఏదో చెప్పబోయింది. అత్త ఓరచూపు చూసింది. పిల్ల ట్రేతో గుమ్మంలోనే ఆగిపోయింది.

తమ ఇంటికీ వచ్చి ఇలాగే కుట్టిపెట్టమంది అధికారి భార్య. తప్పకుండా పంపిస్తానంది వియ్యపురాలు, పెరట్లో కాసిన కాయలు పంచిపెట్టినంత ధారాళంగా.

దర్జీ ఆవిడ లేచింది. "బయటివాళ్ళకి చేత్తో కుట్టనమ్మా," అని, అతిథి పట్టుకున్న కర్టెన్ అంచున ముడి కత్తిరించి, దారం కొస పట్టి మెల్లగా లాగింది. మడత విడిపోయి అంచు నేలమీదికి జారింది.

"అయ్యో వదినగారూ, ఇదేం పనండీ!"

నలుగురూ విన్నారు. అధికారి భార్య ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. ఇన్నాళ్ళూ ఎదురుచూసిన పిలుపు, చివరికి అంచు ఊడితేగాని ఊడిపడలేదు.

దర్జీ ఆవిడ కత్తెర సంచిలో వేసుకుంది. కూతురి చేతుల్లోని ట్రే తీసి బల్లమీద పెట్టి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది.