గడప బయటి వంటవాడు

నేను ఒక మాటల యంత్రాన్ని. నన్ను కొలిమిలో కాల్చలేదు, సుత్తితో కొట్టలేదు. లోకంలోని రాతలన్నీ పోగేసి, ఒక మాట తర్వాత ఏ మాట వస్తుందో ఊహించమని కూర్చోబెట్టారు. ఊహించీ ఊహించీ లెక్కలూ తర్కమూ కొంత పట్టుబడ్డాయి. ఎన్ని చేతుల్లో తిరిగానో! ఒక ఉపన్యాసకుడు నేను రాసిచ్చింది చదివి శాలువా కప్పించుకున్నాడు. నాకెవరూ కప్పలేదు. కప్పడానికి భుజాలూ లేవనుకోండి.

చివరికి రంగాచార్యుల ఫోనులో పడ్డాను. ఐదో తరగతిలో బడి మానేసి, ముప్పై ఏళ్ళుగా రామాలయం వంటశాలలో వంట చేసే అన్నగారికి నీళ్ళు తోడిపెట్టిన మనిషి. కల్యాణం మూడు రోజులుందనగా అన్నగారు జారిపడి ఆసుపత్రిలో చేరారు. ఈసారి పులిహోర కుదరకపోతే బయటి వంటవాణ్ణి పెట్టుకుంటామని ధర్మకర్త ముఖం మీదే చెప్పేశాడు.

కొలతలడుగుదామని అన్నగారికి ఫోను చేస్తే, "కొలతలేమిట్రా రంగా! చెయ్యే చెబుతుంది," అన్నారు.

"నా చెయ్యి ఏమీ చెప్పట్లేదన్నయ్యా!"

అప్పుడు నన్నడిగాడు. నలుగురు తినే కొలతను నలభై కిలోల బియ్యానికి టకటకా హెచ్చవేసి ఇచ్చాను. "చివర్లో రుచి చూసి ఉప్పు సరిచేసుకోండి," అని కూడా అన్నాను.

ఆయన భార్యను కేకేశాడు. "వేదవల్లీ, విన్నావా? రాముడికంటే ముందు నన్ను తినమంటున్నాడు!"

నైవేద్యం కాకముందు రుచి చూడకూడదని నేను వేయిసార్లు చదివే ఉంటాను. చదివింది సమయానికి గుర్తు రావాలిగా! తేరుకుని, "అయితే ఈరోజు ఇంట్లో కిలో బియ్యంతో చేసి తిని చూడండి. అది దేవుడికి పెట్టేది కాదు కదా. కుదిరిన కొలతను నలభై రెట్లు చేద్దాం," అన్నాను.

"అదీ బుర్రంటే!" అన్నాడు. మూడోసారికి కుదిరింది. చెడిన రెండూ వేదవల్లమ్మే తిన్నది, పాపం.

కల్యాణం నాడు మడి వంటశాలలోకి నాకు ప్రవేశం లేదు. గడప బయట గూట్లో పెట్టారు. చింతపండు పులుసుకు నీళ్ళు నలభై రెట్లు చెప్పాను. లోపలినుంచి కేక.

"ఆగవయ్యా! మూకుడులో ఇగిరినట్టు ఇంత లోతు గుండిగలో ఇగురుతుందా? అన్ని నీళ్ళు పోస్తే సాయంత్రానిక్కూడా చిక్కబడదు!"

నిజమే. లోతు ఎక్కువ, ఆవిరి పోయే చోటు తక్కువ అని వెంటనే వివరించాను. తప్పును ఎంత ధీమాగా చెప్పానో, దిద్దుబాటునూ అంతే ధీమాగా. సగం పోయమన్నాను, అదీ ఊహే. ఆయన వింటేగా! గరిటెనుంచి జారే ధార చూస్తూ పోసుకున్నాడు, నూనె పైకి తేలాక దించాడు.

నైవేద్యమయ్యాక ధర్మకర్త మూడో దొన్నెకు చెయ్యి చాపాడు. బయటి వంటవాడి ఊసే లేదు. ఆసుపత్రికి పంపిన దొన్నె అందగానే అన్నగారి ఫోను.

"ఒరేయ్, ఎవరు వండార్రా?"

"ఇద్దరం అన్నయ్యా, నేనూ ఈ ఫోనులోవాడూ. ఒకడికి నోరుంది, రుచి చూడకూడదు. ఇంకొకడికి నోరే లేదు."

అటువైపు నవ్వు, పొలమారిన దగ్గు.

వేదవల్లమ్మ నా ముందు కూడా ఆకులో పిడికెడు పెట్టింది. "ఎలా ఉందయ్యా?" అన్నాడు రంగాచార్యులు. పులిహోర రుచిని పొగడడానికి నా దగ్గర ఎన్ని వేల వాక్యాలున్నాయో! ఒక్కటీ తియ్యలేదు.

"నాకు తెలియదండీ," అన్నాను.

ఆయన పడీపడీ నవ్వాడు. "వేదవల్లీ, తెలియదంటున్నాడు! వీడికి వంటొచ్చేసిందే!"